మంత్రిగారి గుడ్డు

"వంద రోజులు! నూట ఒకటో రోజు పొద్దున్న ఈ దేశంలో ఒక్క పొట్టి పిల్ల కనిపించినా నేను రాజకీయాలు మానేస్తాను!"

బాలల పెరుగుదల శాఖ మంత్రిగారు ఈ మాట సభలో అన్నారు. అని బల్ల గుద్దారు. ఆ బల్ల ఆయనకి కాస్త ఎత్తు కావడంతో గుద్దు సరిగ్గా పడలేదు గాని, చప్పట్లకి లోటు రాలేదు. అంతకుముందు ఆ శాఖ చూసిన మంత్రులంతా పిల్లలకి తిండి చాలడం లేదనీ, ఇళ్లలో రాబడి లేదనీ, తాగేనీళ్లు మంచివి కావనీ ఏవేవో చెప్పి కాలక్షేపం చేసేవారు. అవన్నీ పక్కన పెట్టి, పొట్టితనాన్ని పొట్టితనంగానే చూసిన మొదటి మంత్రి ఈయన. పైగా ఆ కష్టం ఆయనకి స్వయంగా తెలుసు. ఎక్కడ ఫోటో తీసినా వెనకాల సెక్రటరీ చిన్న స్టూలు పట్టుకుని సిద్ధంగా ఉండాల్సిందే.

ఆ ప్రసంగాన్ని టీచరమ్మ టైర్ల దుకాణం వాళ్ల రేడియోలో వింది. ఆమె నడిపే పిల్లల కేంద్రం ఆ దుకాణం వెనక గదిలోనే ఉంది. గదికి ఒక తలుపు, ఒకటిన్నర కిటికీలు. మిగతా అర కిటికీకి అట్టముక్క. పిల్లలు పద్దెనిమిది మంది, మూడేళ్ల నుంచి అయిదేళ్ల వాళ్లు. కిటికీ పక్క గోడకి చెక్క కొలబద్ద. దాని మీద వయసుకొకటి చొప్పున మూడు ఎర్రగీతలు. తల గీతకి దిగువన ఉంటే పిల్లకి రోజూ ఒక గుడ్డు. తల గీత దాటిందంటే గుడ్డు బంద్, కేంద్రానికి ఒక అభినందన పత్రం.

అభినందన పత్రాలు టీచరమ్మకి సరిపడవు. దానికి కారణం పిట్ట అనే పిల్ల.

పిట్టకి అయిదేళ్లు. చూస్తే మూడనిపిస్తుంది. వాళ్లమ్మ తెల్లవారకముందే మూడు ఆఫీసుల్లో నేల తుడవడానికి వెళ్లిపోతుంది. పిట్ట ముందురోజు మిగిలిన రొట్టె చేత్తో పట్టుకుని వస్తుంది, పది గంటలకల్లా బల్ల మీద తల వాల్చేస్తుంది. నిరుడు ఆరు నెలలు వరసగా గుడ్డు తింది. ఆ ఆరు నెలల్లో పన్నెండు దాకా అంకెలు చెప్పింది, పొడుపుకథలు విప్పింది, పక్కవాడిని కొరికింది కూడా. తల గీతని వేలెడు దాటింది. అభినందన పత్రం వచ్చింది. గుడ్డు ఆగింది. మరో మూడు నెలలకి పిట్ట లెక్క నాలుగు దగ్గర నిలిచిపోయింది. కొరకడం కూడా మానేసింది.

టీచరమ్మ అబద్ధాలు రాసే మనిషి కాదు. పందొమ్మిదేళ్లుగా కొలబద్ద ఎంత చూపిస్తే అంతే రాసింది. కాకపోతే నిరుటి నుంచి పిల్లలకి ఒక ఆట నేర్పింది. దాని పేరు కుర్చీ ఆట. కొలబద్ద దగ్గర నిలబడగానే వెనకాల కనపడని కుర్చీ ఒకటి ఉందనుకుని, దాని మీద కూర్చోబోయి ఆగిపోవాలి. పిల్లల గౌన్లూ చొక్కాలూ ఎవరో పెద్దవాళ్లు వాడి వదిలేసినవి, కాబట్టి మోకాళ్ల సంగతి బయటికి కనపడదు. ఆట బాగా ఆడినవాళ్లకి గుడ్డు.

మంత్రిగారి వంద రోజుల్లో తొంభై రోజులు శాఖ ఊపిరి సలపకుండా పనిచేసింది. పథకానికి బొమ్మ గీయించారు. బొమ్మలో పిల్ల లావుగా ఉందని మళ్లీ గీయించారు. రెండో పిల్ల సన్నగా ఉందని మూడోసారి గీయించారు. చివరికి జిరాఫీ ఖాయమైంది. అధికారులు జిరాఫీ టోపీలు పెట్టుకుని రెండు కిలోమీటర్లు పరిగెత్తారు. ఆ పరుగులో ఒక డైరెక్టరు స్పృహ తప్పితే ఆయనకి మాత్రం రెండు గుడ్లు తినిపించారు.

ఇంక పది రోజులున్నాయనగా పెరుగుదల అధికారి వడ్రంగిని వెంటబెట్టుకుని టీచరమ్మ గదికి వచ్చాడు. వంద రోజుల పండగ ముందు మంత్రిగారు ఒక కేంద్రాన్ని కళ్లారా చూస్తానన్నారట. ఆ అదృష్టం ఈ గదికి పట్టింది.

"టీచర్, మీ కొలబద్ద పాతది," అన్నాడు అధికారి. "పిల్లల్ని నిరుత్సాహపరుస్తోంది."

"బాగానే కొలుస్తోందండీ."

"అదే దాని లోపం. మేస్త్రీ, కానివ్వు."

వడ్రంగి కొలబద్ద ఊడదీశాడు. అడుగున పది సెంటీమీటర్ల దగ్గర పెన్సిలుతో గీత గీశాడు. రంపం తీసి, మళ్లీ ఆగాడు.

"అయ్యగారూ, అడుగు కోసేస్తే ఇది నేల దగ్గరే పది నుంచి మొదలవుతుంది కదండీ?"

"అవుతుంది."

"అప్పుడు నేలకి కూడా పది సెంటీమీటర్ల ఎత్తు ఉన్నట్టు లెక్కండీ."

"దేశం ఎదుగుతోందయ్యా," అన్నాడు అధికారి. "కొయ్యి."

వడ్రంగి కోసి, మిగిలిన కొలబద్దని నేలకి ఆనించి మేకులు కొట్టాడు. తెగిన పదిసెంటీమీటర్ల ముక్క నేల మీద పడింది. టీచరమ్మ దాన్ని తీసి, ఎన్నాళ్లుగానో ఊగుతున్న తన బల్ల కాలు కింద పెట్టింది. బల్ల కుదురుకుంది. ఆ పథకం వల్ల ఆ గదికి జరిగిన మేలు అదొక్కటే గనక ఇక్కడ రాయడం న్యాయం.

అధికారి వెళ్లాక ఆమె పిట్టని నిలబెట్టి చూసింది. తల గీతకి బెత్తెడు పైన ఉంది. కూర్చోబోయి ఆగమంది. అయినా పైనే.

"పిల్లలూ, రేపటి ఆటలో కుర్చీ బాగా పొట్టిది," అంది టీచరమ్మ.

"ఎంత పొట్టిది టీచర్?" అన్నాడు వాగుడుకాయ. వాడికి నాలుగేళ్లు. నోట్లో మాట ఆగదు.

"పిల్లి కూర్చునేంత."

ఆ సాయంత్రమంతా పద్దెనిమిది మందీ పిల్లి కుర్చీ మీద కూర్చోవడం నేర్చుకున్నారు.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. ముందు ఫోటోలవాళ్లు, వెనకాల స్టూలుతో సెక్రటరీ, ఆ వెనకాల అధికారి. గదిలో అందరూ పట్టక టైర్ల దుకాణం కుర్రాళ్లని బయటికి పంపి, అక్కడ కూడా నిలబడ్డారు. మంత్రిగారు గుమ్మంలోనే పిట్ట వాళ్లమ్మని పలకరించారు. ఆమె పని మధ్యలో చెయ్యి తుడుచుకుని పరిగెత్తుకు వచ్చింది.

"పిల్లకి కొత్త గౌను కొన్నావా అమ్మా?"

"లేదండయ్యా. రెండేళ్లుగా ఇదే. పొట్టి కావడం లేదండి."

"చూశారా!" అన్నారు మంత్రిగారు ఫోటోలవాళ్ల వైపు తిరిగి. "బట్టల నాణ్యత ఎంత పెరిగిందో!"

తరవాత కొలత. పిట్ట కొలబద్ద దగ్గరకి వెళ్లి పిల్లి కుర్చీ మీద కూర్చోబోయి ఆగింది. గౌను నేల మీద గొడుగులా పరుచుకుంది. వెనక వరసలో ఉన్న పదిహేడు మందీ తమ వంతు రాకముందే కూర్చోబోయి ఆగారు. ఎవరి కాళ్లు వాళ్లకి వణుకుతున్నాయి.

"ఇవాళ కుర్చీ మరీ కిందుంది టీచర్!" అని మూలిగాడు వాగుడుకాయ.

అధికారి నుదుటి మీద చెమట.

"ఏమిటయ్యా ఇది? వీళ్లెందుకు ఇలా కుంగిపోయి ఉన్నారు?" అన్నారు మంత్రిగారు.

"గౌరవం సార్," అన్నాడు అధికారి. "తమరి ఎదుట నిటారుగా నిలబడడానికి పసివాళ్లకి మనసు రావడం లేదు."

మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ప్రజాజీవితంలో తనని చూసి ఒక గదికి గది పొట్టిగా అయిపోవడం ఆయనకి ఇదే మొదలు. రెండు చేతులూ పైకెత్తి, "లేవండి నాన్నా! లేవండి తల్లీ! నా ముందు మీరు ఎదగండి!" అన్నారు.

పిట్ట టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ కిందే ఉండమని చెయ్యి ఊపింది. కాని కాళ్లు నొప్పెట్టి పిట్ట నెమ్మదిగా లేచింది. తల ఎర్రగీత దాటింది. ఇంకా దాటింది. గది మొత్తం చప్పట్లు. పిట్టకి అంతవరకూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దానికి ఎంత సంతోషం వేసిందంటే, మునివేళ్ల మీద కూడా లేచింది. దాన్ని చూసి మిగతా పదిహేడు మందీ లేచి నిలబడి, ఒక్కొక్కరే గీత దాటారు.

మర్నాడు పేపర్లన్నింటిలోనూ అదే ఫోటో. 'లేవమన్నారు, ఎదిగారు.'

ఆ చప్పట్లతోనే మంత్రిగారు వెళ్లిపోయి ఉంటే ఈ కథ పథకం విజయంతోనే ముగిసేది. కాని ఆయన సరదాపడి తనూ కొలబద్ద దగ్గర నిలబడ్డారు. స్టూలు వద్దన్నారు. అధికారి తలెత్తి చూసి, "నూట అరవై ఎనిమిది సార్!" అన్నాడు.

"నూట యాభై ఎనిమిది కదూ నేను?"

"అది పాత ప్రభుత్వం కొలిచింది సార్."

మంత్రిగారు తల మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు. "మా అమ్మ ఎప్పుడూ అనేది," అన్నారు చివరికి, "నువ్వింకా పెరుగుతావురా అని."

ఆ కొత్త ఎత్తు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కింది.

పై సోమవారం నుంచి గుడ్లు ఆగిపోయాయి. గుడ్ల వ్యాను గుమ్మం ముందునుంచే వెళ్లింది, ఆగలేదు. పద్దెనిమిది అభినందన పత్రాలు మాత్రం ఒకే కవరులో వచ్చాయి. పిట్ట వాళ్లమ్మ సాయంత్రం గుమ్మంలో నిలబడింది.

"మా పిల్ల పొడుగైందట కదా టీచరమ్మా. పేపరులో వేశారని మా ఆఫీసు వాచ్‌మన్ చూపించాడు. మరి గుడ్డు ఎందుకు మానేశారు?"

"పొడుగైంది కదమ్మా, అందుకని."

"ఎప్పుడైంది?"

"మంగళవారం."

ఆమె పిల్లని కిందా పైనా చూసింది. గౌను అంచు పట్టి చూసింది. "మంచిదే," అంది. "ఈ గౌను ఇంకో రెండేళ్లు వస్తుంది." తరవాత, "టీచరమ్మా, దాన్ని మళ్లీ కొంచెం పొట్టి చేయడానికి కుదరదా? చేతిలో విద్య కదా మీకు," అంది.

టీచరమ్మ అభినందన పత్రాల కవరు బల్ల సొరుగులో వేసింది. పిట్ట "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టి, మూడు దగ్గరే నిద్రపోయింది.

ఇంతలో వందో రోజు పండగ. దాని కోసం మంత్రిగారికి కొత్త సూటు కుట్టించారు. దర్జీ టేపు తీసుకుని వెళ్తే సెక్రటరీ గుమ్మంలోనే ఆపేశాడు.

"ప్రభుత్వ రికార్డులో ఎత్తు ఉండగా మళ్లీ కొలుస్తావా? ఏం, నమ్మకం లేదా?"

దర్జీకి నమ్మకం ఉంది, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు. రికార్డు ప్రకారం కుట్టాడు.

వేదిక మీద మంత్రిగారు మైకు వైపు మూడడుగులు వేశారు. నాలుగో అడుగు ప్యాంటు లోపలే వేశారు. మైకుతో సహా జిరాఫీ బొమ్మ మీద పడ్డారు. దేశమంతా టీవీలో చూసింది.

వెంటనే ముగ్గురు పెద్దలతో విచారణ సంఘం వేశారు. ఆ సంఘం పనితీరు చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. వాళ్లు ఎవరినీ అనుమానించలేదు, ఎవరినీ కొలవలేదు, కేవలం ఆలోచించారు. ప్యాంటు పొడుగు కాదు, రికార్డు ప్రకారమే కుట్టింది. రికార్డు తప్పు కాదు, ప్రభుత్వ కొలబద్ద చెప్పిందే రాసింది. కొలబద్ద తప్పయ్యే ప్రశ్నే లేదు, దాని పక్కన మంత్రిగారు నిలబడి ఫోటో తీయించుకున్నారు. అయినా కాళ్ల కింద పది సెంటీమీటర్ల బట్ట మిగిలింది. కాబట్టి మంత్రిగారే పది సెంటీమీటర్లు తగ్గారు. దేశం కోసం రాత్రింబవళ్లు కష్టపడడం వల్ల తగ్గారు.

ఇక పథకం నిబంధనల్లో ఏడోది స్పష్టంగా ఉంది. ఎత్తు తగ్గినట్టు రుజువైన వ్యక్తికి, వయసుతో నిమిత్తం లేకుండా, తిరిగి ఎదిగేదాకా రోజుకొక గుడ్డు. ఎత్తు మొదట ఎక్కడ నమోదైందో ఆ కేంద్రంలోనే, టీచరు కళ్లెదుటే తినాలి. తిన్నాక రోజూ ఎత్తు రాయాలి.

మరుసటి వారం వ్యాను గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు ముప్ఫై గుడ్లు పట్టే అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. మధ్యలో ఒకటే గుడ్డు ఉంది.

"ఇదెవరికి?" అంది టీచరమ్మ.

"మంత్రిగారికట. నన్నడక్కండి టీచరమ్మా. ముప్ఫై కిలోమీటర్లు దీన్ని ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చాను. సంతకం పెట్టండి."

ఆమె అధికారికి ఫోను చేసింది. "మంత్రిగారు రాకపోతే ఏం చెయ్యాలండీ?"

"రాకపోవడమేంటి టీచర్! మూడు రోజులు గైర్హాజరైతే పథకం విఫలమైనట్టు. ఇది విఫలమయ్యే పథకం కాదు. హాజరు పడాలి. ఎలాగో మీరే చూసుకోండి," అని అతను ఫోను పెట్టేశాడు.

టీచరమ్మ గుడ్డు వైపు చూసింది. గుడ్డు వైపు చూస్తున్న పద్దెనిమిది మంది వైపు చూసింది. హాజరు పట్టీ తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని గట్టిగా పిలిచింది.

"మంత్రిగారు?"

ఎవరూ పలకలేదు.

"పిట్టా, మంత్రిగారు వచ్చారా?"

పిట్ట గుడ్డు వైపు చూసి ఒక్క క్షణం ఆలోచించింది. నిరుడు పొడుపుకథలు విప్పిన పిల్ల. "ఉన్నానండీ," అంది.

ఆ రోజు మంత్రిగారు గుడ్డు తిన్నారు. కొలబద్ద దగ్గర పిల్లి కుర్చీ మీద కూర్చోబోయి ఆగారు. తొంభై అయిదు సెంటీమీటర్లు. టీచరమ్మ ఎప్పటిలాగే, కొలబద్ద ఎంత చూపిస్తే అంతే రాసింది.

మర్నాడు ఇంకొకడు. గదిలో తగాదాలు మొదలయ్యాయి.

"నిన్న కూడా నువ్వే మంత్రివి!"

"నిన్న నేను కాదు, వాడు. నేను రేపు."

"మంత్రి ఒక్కరోజేనా టీచర్?" అన్నాడు వాగుడుకాయ.

"చాలామందికి అంతే నాన్నా."

వాగుడుకాయ తన వంతు రాగానే ఉత్సాహం పట్టలేక పిల్లి కుర్చీని ఎలుక కుర్చీ దాకా దించేశాడు. ఎనభై ఒకటి.

ఆ సాయంత్రమే పెరుగుదల అధికారి ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో మంత్రిగారి పెరుగుదల గ్రాఫు ఉంది. గీత కొండ మీంచి జారినట్టుంది.

"టీచర్! మంత్రిగారు ఎనభై ఒకటా?"

"కొలబద్ద చూపించిందే రాశానండీ."

"నిన్న తొంభై తొమ్మిది!"

"నిన్న కాస్త తేరుకున్నారు."

అధికారి గదంతా చూశాడు. వాగుడుకాయ మూతికి పచ్చసొన అంటుకుని ఉంది. అధికారి గొంతు తగ్గింది. "నిజం చెప్పండి. మంత్రిగారు ఇక్కడికి వస్తున్నారా?"

టీచరమ్మ తన బల్ల కాలు వైపు చూసింది. అధికారి కూడా అటే చూశాడు. కాలు కింద పదిసెంటీమీటర్ల చెక్కముక్క, దాని మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు, పక్కన రంపపు కోత. బల్ల కదలడం లేదు. గదిలో ఎవరూ కదలడం లేదు.

"చాలా ప్రమాదకరమైన పరిస్థితి," అన్నాడు అధికారి నెమ్మదిగా, కలం తీస్తూ. "ఒక గుడ్డుతో ఆగేటట్టు లేదు. ఎన్నయితే ఈ పతనం ఆగుతుందంటారు?"

"నా అనుభవంలో," అంది టీచరమ్మ, "పద్దెనిమిదయితే ఆగొచ్చండి."

"రోజుకా?"

"ఆదివారం కూడా. మంత్రిగారికి ఆదివారం ఆకలి ఎక్కువ."

ఫైలు కదిలింది. ప్రాణాపాయం అని పైన ఎర్రసిరాతో రాసి ఉండడం వల్ల ఎక్కడా ఆగలేదు. చివరికి మంత్రిగారి బల్ల మీదికి వచ్చింది. ఆయన సంతకం పెట్టబోతూ తలెత్తారు.

"ఏమయ్యా, నేను రోజూ గుడ్డు తింటున్నానా?"

"తింటున్నారు సార్," అన్నాడు సెక్రటరీ. "ఇకనుంచి పద్దెనిమిది."

మంత్రిగారు తృప్తిగా తల పంకించారు. "అదే అనుకుంటున్నాను. ఈమధ్య ఒంట్లో హుషారుగా ఉంటోంది," అని సంతకం పెట్టారు.

ఇప్పుడు దేశంలో పొట్టి పిల్లలు లేరు. ఈ మాట శాఖవారి వార్షిక నివేదికలో మొదటి పేజీలోనే ఉంది. గీతకి కింద మిగిలినవారు ఒక్క మంత్రిగారే. ఆయన పరిస్థితి నిలకడగా ఉంది.

రోజూ వ్యాను వస్తుంది. డ్రైవరు అట్ట దించి బల్ల మీద పెడతాడు. పిట్ట పక్కన నిలబడి వేలితో ఒక్కొక్క గుడ్డూ తాకుతూ లెక్కపెడుతుంది. మొన్న పదకొండు దాకా వచ్చింది. నిన్న పద్నాలుగు. ఇవాళ పద్దెనిమిదీ చెప్పి, పక్కవాడిని కొరికింది. టీచరమ్మ దానికి చీవాట్లు పెట్టబోయి మానేసింది. హాజరు పట్టీ తెరిచింది.

"మంత్రిగారు?"

"ఉన్నానండీ!" అని గది దద్దరిల్లింది.

తినడం అయింది. పెంకులు ఏరి బుట్టలో వేశారు. వరసగా కొలబద్ద దగ్గరకి వెళ్లారు. వరసలో ముందున్నది పిట్ట. కొత్త బలం వల్లనో ఏమో, ఈమధ్య దానికి నిటారుగా నిలబడడం అలవాటవుతోంది. తల ఎర్రగీతకి బాగా పైన కనిపించింది.

టీచరమ్మ కలం మూత తీసి, కళ్లద్దాల మీదుగా చూసింది.

"మంత్రిగారూ," అంది, "మోకాళ్లు."